క్యూలో మామ్మ

నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. ఏళ్ళ తరబడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను, రాదంటే ఊరుకోను. కానీ ఇన్ని మాటల్లో ఇది నా సొంతం అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగే మాట ఒకటే ఉంది. క్యూ. ఇప్పటికీ బ్యాంకులోనో, మందుల షాపు దగ్గరో ఎవరైనా పక్క నుంచి చెయ్యి దూర్చారంటే నాకు ఒళ్ళు మండుతుంది. "బాబూ, క్యూ" అంటాను. అంతే, ఎంత మొనగాడైనా వెనక్కి వెళ్ళాల్సిందే. నాతో బజారుకు రావాలంటే మా ఇంట్లోవాళ్ళు జంకుతారు. జంకనీ. ఆ మాట నాకు ఊరికే రాలేదు.

అప్పుడు డెబ్బైలు. మలికిపురానికి కొంచెం లోపలగా మా ఊరు. నేను ఎనిమిదో తరగతి. మాకు ఇంగ్లీషు చెప్పే మాస్టారు చూడ్డానికి గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవారు గానీ, పాఠం మొదలుపెడితే మాత్రం పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. ఒకరోజు పాఠంలో క్యూ అన్న మాట వచ్చింది. ఎక్కడో చలి దేశంలో జనం రొట్టెల కోసం క్యూలో నిలబడ్డారని ఉంది. వరసగా నిలబడ్డమర్రా అని చెప్పేసి ముందుకెళ్ళిపోవచ్చు. ఆయన పుస్తకం మూసేశారు. వరసలు మనకు తెలియనివి కావు, పెళ్ళిలో బంతి దగ్గర వరస ఉంది, రేవులో పడవ ఎక్కే దగ్గర వరస ఉంది, కానీ అక్కడ ఎవరు ముందో అందరికీ ముందే తెలుసు కదా అన్నారు. క్యూలో అలా తెలియదట. ఎవరు ముందొస్తే వాళ్ళే ముందట. మునసబు గారైనా సరే, ఆయన పాలేరైనా సరే. క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు.

నవ్వరూ మరి! మా కోనసీమలో మర్యాద ఎక్కువ. మనిషి ఎదురుపడితే చాలు, 'తమరు కానివ్వండి' అన్న మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది. వినడానికి ఎంతో బావుంటుంది. అయితే నీళ్ళు పల్లానికి పారతాయి, మా మర్యాద మాత్రం మెరకకే పారేది. మా పేటవాళ్ళు పెద్ద వీధివాళ్ళకు దారి ఇచ్చేవారు. వాళ్ళు మాకు ఇవ్వాల్సిన అవసరం ఎప్పుడూ పడేది కాదు. మా తాతల కాలానికే మాది క్రైస్తవ కుటుంబం. మా నాన్న నాలుగక్షరాలు నేర్చుకుని పంచాయతీలో చిన్న ఉద్యోగం సంపాదించారు. అయినా బజార్లో పెద్దలు కనపడితే ఆయన సైకిలు దిగేవారు. ఎవరూ దిగమనలేదు. కాళ్ళు వాటంతటవే దిగేవి.

ఆ రోజు ఇంటర్వెల్లో మాస్టారు మమ్మల్ని బోరింగు పంపు దగ్గర క్యూ కట్టమన్నారు. నాకు ఆ మాట తెగ నచ్చేసింది. ఎందుకంటే పరుగులో నన్ను కొట్టేవాళ్ళు మా స్కూల్లో లేరు, మగపిల్లలతో సహా. ముందొచ్చినవాళ్ళే ముందంటే ఇంకేముంది, నేనే ముందు! ఎవరో మహానుభావులు నా కోసమే ఈ మాట కనిపెట్టారనుకున్నాను. పరిగెత్తుకెళ్ళి పంపు కాడ పట్టుకున్నాను. నా వెనక మా పేట పిల్లలు, ఆ వెనక తక్కినవాళ్ళు. నిలబడ్డం బాగానే నిలబడ్డాం. తీరా మాస్టారు తాగమనేసరికి నా వెనకున్న పిల్ల పక్కకు జరిగి పెద్ద వీధి పిల్లకు దారి ఇచ్చింది. దాన్ని చూసి ఇంకొకడు జరిగాడు. ఎవరూ తోయలేదు, ఎవరూ అడగలేదు, చూస్తుండగానే ముందొచ్చినవాళ్ళందరూ ఆఖరుకి చేరారు. మాస్టారు తల పట్టుకున్నారు. నేను మాత్రం పంపు వదల్లేదు. దాహం లేకపోయినా కడుపు పగిలేలా తాగాను.

ఇక ఆ వారమంతా ఆ మాటతో ఊరు మీద పడ్డాను. కిరసనాయిలు కొట్టు దగ్గర క్యూ అన్నాను, చేపల బుట్ట దగ్గర క్యూ అన్నాను. చేపలమ్మే ఆవిడ అదేం చేపమ్మా అని అడిగింది. ఒకరోజు మలికిపురం సెంటర్లో రాజోలు బస్సు కోసం వెళ్ళాను. అక్కడ పద్ధతి ఏమిటంటే, బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. ఎవరి తువ్వాలు పడితే ఆ సీటు వాళ్ళది. నేను ఆ గుంపులోకి వెళ్ళలేదు. స్తంభం పక్కన నిటారుగా క్యూలో నిలబడ్డాను, ఒక్కదాన్నే. బస్సు వచ్చింది, తువ్వాళ్ళు ఎగిరాయి, జనం ఎక్కేశారు. ఎక్కవా అమ్మా అని కండక్టరు అడిగాడు. నేను క్యూలో ఉన్నానండి అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరితోనమ్మా అని రైట్ చెప్పేశాడు. బస్సు వెళ్ళిపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నాన్న ఇంట్లో ఒకటే నవ్వు.

మర్నాడు మాస్టారితో పోట్లాడాను. మీరు చెప్పిన మాట పని చెయ్యట్లేదండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఒక్కదానివి నిలబడితే అది నిలబడ్డమేనమ్మా. నీ వెనక ఇంకొకరు వచ్చి నిలబడితేనే క్యూ. ముందున్నవాళ్ళ గొప్ప ఏవీ లేదు అందులో. వెనకున్నవాళ్ళు ఒప్పుకోవాలి" అన్నారు.

అప్పుడు నాకు ఆ మాట సగమే తలకెక్కింది. మిగతా సగం మా మామ్మ వల్ల ఎక్కింది.

మామ్మ అంటే మా నాన్నకు అమ్మ. వయసులో ఉండగా నాట్ల గుంపుకు ముందుండి పాట అందుకునేదట. నాకు ఊహ వచ్చేసరికే ఆమె కళ్ళకు పొరలు కమ్మడం మొదలైంది. నేను ఎనిమిదికొచ్చేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచు తాడు పేనుతుండేది. నేను స్కూలు నుంచి రాగానే దగ్గరకు రమ్మని మొహమంతా తడిమి చూసేది. ముక్కు పెరిగిందే, బుగ్గలు తగ్గేయే అనేది. నా మొహం ఆమె చూసి ఏళ్ళయింది. ఆ ఏడు వానల్లో ఇంటి ముందు బోదె కాలవ మీది తాటి పట్టె మీంచి కాలు తప్పి నీళ్ళలో పడిపోయింది. నాన్న ఇంట్లో ఉండబట్టి దక్కింది. అప్పట్నుంచి స్కూల్లో ఉన్నా నా ప్రాణం ఆ బోదె దగ్గరే ఉండేది.

అలాంటి సమయంలో రాజోలు హైస్కూల్లో కంటి ఆపరేషన్ల క్యాంపు పెడుతున్నారని తెలిసింది. ఎక్కడి నుంచో పెద్ద డాక్టరు గారు వస్తున్నారు, ఆయన హస్తవాసి గొప్పదని చెప్పుకున్నారు. రెండు రోజులు పరీక్ష చేసి ఆపరేషన్‌కు ఎంచుతారు. ఎంచినవాళ్ళను అక్కడే స్కూలు గదుల్లో వారం ఉంచుకుంటారు. మళ్ళీ అలాంటి క్యాంపు ఎప్పుడొస్తుందో ఆ ప్రభువుకే తెలియాలి. మొదటి రోజు తెల్లవారగానే నాన్న మామ్మను పేటలో ఇంకో ఇద్దరు ముసలమ్మలతో కలిపి బస్సెక్కించారు. అందరికంటే ముందు వెళ్ళి తలుపు దగ్గరే నిలబడమని మరీ మరీ చెప్పారు.

పొద్దుగూకే వేళకు మామ్మ తిరిగొచ్చింది. మొహం కళకళలాడుతోంది. క్యాంపు చాలా బావుందట. మజ్జిగ ఇచ్చారట. మనవాళ్ళందర్నీ చూశారట. మరి నిన్నేమన్నారే అని అడిగాను. నన్ను చూడలేదే అంది, అదేదో చిన్న విషయమైనట్టు. తలుపు దగ్గర మొదట నిలబడింది తనేనట. ఈలోపు గొంతు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారట. ఒకరు చంటిపిల్లప్పుడు తను ఎత్తుకున్న బాబుగారట, ఒకరు ఎవరి చేలో నాట్లు వేసిందో ఆ అయ్యగారి వియ్యపురాలట. ప్రతివాళ్ళకూ తమరు కానివ్వండి అంది. సాయంత్రమయ్యేసరికి తలుపు మూసేశారు.

"అందరూ తెలిసినోళ్ళేనే. కాదనగలవా?" అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు నెత్తికెక్కింది. నీ కళ్ళు వాళ్ళకిచ్చి వచ్చావా అని అరిచాను. తాడు పేనుకోడానికి నాకు కళ్ళెందుకులేవే అంది. ఆ మాటకు నా కోపం కాస్తా ఏడుపైపోయింది. నేను పెద్దదాన్నై ఎలా ఉన్నానో చూడాలని లేదా నీకు అని అడిగాను. మామ్మ నా మొహం మళ్ళీ ఒకసారి తడిమింది. మర్నాడు స్కూలు ఎగ్గొట్టి నేనే తీసుకెళ్తానని నాన్నకు చెప్పేశాను. ఆయన అడ్డు చెప్పలేదు.

మేం వెళ్ళేసరికి హైస్కూలు వరండాలో అప్పటికే కొందరున్నారు. మామ్మను వాళ్ళ వెనక నిలబెట్టి, జబ్బ పట్టుకున్నాను. మా వెనక జనం చేరారు. ఇది క్యూ అండీ, ముందొచ్చినవాళ్ళు ముందండీ అని నేను అందరికీ చెబుతూనే ఉన్నాను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఒకాయన వేళాకోళం చేశాడు. కొమ్ములుంటే వెనకే ఊపుకోండి అన్నాను. తెలిసిన గొంతు వినపడినప్పుడల్లా మామ్మ కాలు పక్కకు లేచేది. నేను జబ్బ బిగించేదాన్ని. ఒకసారి గిల్లాను కూడా. తలుపు ఇంకెంతో దూరం లేదు.

అప్పుడు వచ్చారు కామందు గారి భార్య. మా ఊళ్ళో సగం చేలు వాళ్ళవే. మామ్మ ఆ ఇంటి పెరట్లో ధాన్యం దంచింది, వాళ్ళ పిల్లల పురుళ్ళకు నీళ్ళు కాచింది. ఆవిడకూ కళ్ళు పోయాయని ఊళ్ళో అందరికీ తెలుసు. వెనక పాలేరు కుర్చీ పట్టుకుని, దారి చెబుతూ వస్తున్నాడు. ఆవిడ తలుపు వైపు నడుస్తుంటే ఎవరూ ఏమీ అనకుండానే వరస మధ్యలో చీలింది. మామ్మ కూడా ఒక్క ఉదుటున జరగబోయింది. నేను జబ్బ వదల్లేదు.

"అమ్మగారూ, ఇది క్యూ అండీ" అన్నాను.

"అంటే ఏవిటే?"

"ఎవరు ముందొస్తే వాళ్ళు ముందండీ. తమరు ఇప్పుడే వచ్చేరండీ. ఆఖర్న నిలబడాలండీ."

మామ్మ నా చెయ్యి నలిపేస్తోంది. పాలేరు కుర్చీ దింపాలా ఎత్తాలా తెలియక అలాగే నిలబడ్డాడు. ఆవిడ నా గొంతు వైపు తల తిప్పి, "ఆఖరెక్కడో నాకు కనపడి చస్తేగా. నువ్వే చూపించు" అన్నారు. వెక్కిరింతో, కోపమో తెలియలేదు. కోపమైతే కోపం అనుకుని, కదిలావంటే నా మీద ఒట్టే అని మామ్మకు చెప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆఖరుకి తీసుకెళ్ళాను. ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. మామ్మ చెయ్యిలాగే ఉంది, కాయలు లేవు, అంతే.

వెనక్కి పరిగెత్తుకొచ్చి చూద్దును కదా, మామ్మ లేదు. ఆ చోట్లో ఎవరో పెద్దాయన నిలబడి ఉన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడికి పోయిందండీ అంటే, గోడ తడుముకుంటూ వెనక్కి వెళ్ళిందమ్మా అన్నాడు. మళ్ళీ ఆఖరుకి పరిగెత్తాను. అక్కడుంది మామ్మ, అమ్మగారి వెనక, చేతులు కట్టుకుని. అమ్మగారు ఆఖర్న నిలబడితే నేను ముందు నిలబడతానా, కళ్ళు పోతాయే అంది. ఉన్నవే పోయాయి, ఇంకేం పోతాయి! ఎంత పిచ్చి మొహమో చూడండి. పొద్దుట్నుంచి కాసుకొచ్చిన చోటు గాలికి వదిలేసి వచ్చింది. నేను అక్కడే నేల మీద కూలబడి భోరుమన్నాను. మర్యాద మా తల్లే, నీకో దణ్ణం అనుకున్నాను.

నా ఏడుపు విని అమ్మగారు సంగతేమిటని అడిగారు. వెక్కుతూనే చెప్పాను. నిన్న జరిగిందీ చెప్పాను, బోదెలో పడిందీ చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగారు.

"నువ్వు ముందొచ్చేవా, నేను ముందొచ్చేనా?"

"నేనేనండి, అమ్మగారూ."

"మరైతే నా ముందుకి రా. పిల్ల ఏదో చెప్పింది కదా, క్యూ అని. ఊఁ, రా."

అమ్మగారి మాట మామ్మ ఏనాడూ జవదాటలేదు. ఆ రోజూ దాటలేదు. వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. అది చోటు అనుకుని కాదు, ఆజ్ఞ అనుకుని నిలబడింది. నాకది తెలుస్తూనే ఉంది. అయినా మా ముందు చాలా పెద్ద వరస ఉంది. పొద్దు నడినెత్తికొచ్చింది, దాటింది. నేను క్యూ పొడుగునా తిరుగుతూ, దూరేవాళ్ళను లాగి, కాళ్ళు లాగేవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ చోట్లు కాపలా కాశాను. పాలేరు తెచ్చిన కుర్చీలో అమ్మగారు కూర్చున్నారు. వరస కదిలినప్పుడల్లా కుర్చీ కూడా మామ్మ వెనకే కదిలింది. నిన్న తలుపు మూసిన వేళ అవుతుండగా మామ్మ లోపలికెళ్ళింది. డాక్టరు గారు రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి, ఆపరేషన్‌కు రాసుకున్నారు. ఆ వెనకే అమ్మగారినీ రాసుకున్నారు.

వారం తర్వాత కట్లు విప్పే రోజు నాన్నా నేనూ వెళ్ళాం. లోపలికి రానివ్వలేదు. కట్లు విప్పే గది కిటికీ ఊచలు పట్టుకుని చూశాను. పక్కన గడ్డి పరిచిన గదిలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే అందులోకి వస్తున్నారు. అందరికీ రెండు కళ్ళకూ కట్లే, పైన ఆకుపచ్చ గుడ్డ. నర్సు వరసగా నిలబడమంటోంది గానీ ఎవరికి ఎవరు కనపడతారు? ఒకర్నొకరు గుద్దుకుంటున్నారు. మామ్మ గోడ పట్టుకుని ముందే వచ్చి నిలబడింది. ఇంతలో వెనక నుంచి అమ్మగారి గొంతు వినపడింది. ఎక్కడున్నావే అని మామ్మను పిలుస్తున్నారు.

అయిపోయింది, ఇప్పుడు జరుగుతుంది పక్కకు, తమరు కానివ్వండి అంటుంది అనుకున్నాను. పట్టుకోవడానికి నేను పక్కన లేను, మధ్యలో ఊచలున్నాయి. మామ్మ కాలు కొంచెం కదిలింది. మళ్ళీ అక్కడే ఆనింది. భుజం మీది కొంగు తీసి వెనక్కి చాపింది.

"ఇక్కడేనండి అమ్మగారూ. తమరు నా ఎనకాలండి. కొంగట్టుకోండి, తప్పిపోతారు."

అమ్మగారి చెయ్యి గాలిలో తడుముకుంది. కొంగు దొరికింది. గట్టిగా పట్టుకున్నారు. మామ్మ పేట మనిషి అనీ, తను ఎవరో అనీ ఆ చేతికి గుర్తు రాలేదో, గుర్తొచ్చినా పట్టుకుందో నాకు తెలియదు. మామ్మ ముందుకు అడుగేస్తే ఆవిడ అడుగేశారు. ఆ వెనక ఇంకెవరో ఆవిడ కొంగు పట్టుకున్నారు. మాస్టారు చెప్పిన మిగతా సగం అప్పుడు నాకు తలకెక్కింది.

ముందు మామ్మ కట్టు విప్పారు. దళసరి అద్దాలు పెట్టారు. మామ్మ రెప్పలు ఆర్పుకుంటూ అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గర ఆగింది. అచ్చం మా అబ్బాయి మొహవే అంది. నేను ఊచలకు నుదురానించి ఏడుస్తుంటే, ఏడుపు కూడా వాడిదే అంది. తర్వాత లేచి ఇవతలికి రాబోతే కొంగు వెంట రాలేదు. వెనక్కి తిరిగి చూసింది. అమ్మగారు కళ్ళకు కట్టుతో ఆ కొంగు ఇంకా పట్టుకునే ఉన్నారు. మామ్మ ఆవిడ మొహం చూసి కూడా ఏళ్ళయింది.

"ఇక ఒదిలెయ్యండి అమ్మగారూ" అంది. "తమరి వంతొచ్చింది."